చెన్నపట్నంలో రెండు రాత్రుల బస

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మన నెల్లూరు సీమ ఆడవాళ్ళలో చెన్నపట్నం వెళ్ళనివాళ్ళు అరుదు. 1996లో ఆ వూరి పేరు చెన్నై అయినా, మన పెద్దవాళ్ళ నోట ఇంకా మెడ్రాసే. పెళ్ళి చీరలకు మెడ్రాసు, కంటి ఆపరేషనుకు మెడ్రాసు, పిల్లవాణ్ణి విమానం ఎక్కించడానికి మెడ్రాసు. తెల్లవారుజామున రైలెక్కుతాం, రాత్రికి ఇల్లు చేరుకుంటాం. ఈ మధ్యలో మనం చూసిందేమిటి అంటే దుకాణం మెట్లు, ఆసుపత్రి బల్లలు, ఆటోవాడితో బేరం. ముప్ఫైసార్లు వెళ్ళివచ్చి కూడా వూరు చూడనివాళ్ళం మనమే!

అందుకని ఈవేళ మీకొక మాట చెప్పాలని వచ్చాను. ఈసారి వెళ్ళినప్పుడు అక్కడ రెండు రాత్రులు బస చేయండి. అదీ ఎక్కడో కొత్త పేటల్లో కాదు, సముద్రపు ఒడ్డున వున్న పాత పట్నంలో, జార్జి టౌనులో. ఎందుకు చేయాలో ముందు చెబుతాను, ఎలా చేయాలో తరువాత చెబుతాను.

"హోటల్లో దిగడమా?" అని ముక్కున వేలేసుకునేవాళ్ళు వుంటారని తెలుసు. మన భాషలో హోటలంటే ఇడ్లీ, కాఫీ దొరికే చోటు. పడుకునే చోటు లాడ్జి. అంతకుముందు సత్రం. సత్రమంటే పుణ్యం, లాడ్జి అంటే అనుమానం అన్నట్టు మన మనసుల్లో నాటుకుపోయింది. ఆ అనుమానం ఖరీదు ఎంతో నాకు ఒక సాయంకాలం తెలిసివచ్చింది.

మా అత్తగారికి కంటి పరీక్ష. డెబ్బై దాటిన మనిషి. మర్నాడు ఉదయం మళ్ళీ రమ్మన్నారు. తిరిగి నెల్లూరు వచ్చి మళ్ళీ వెళ్ళడమెందుకని పాత పట్నంలో ఒక లాడ్జికి వెళ్ళాం. బల్ల వెనకాల కుర్రవాడు మా ఇద్దరినీ చూసి, "సార్ రాలేదా?" అన్నాడు. "సార్ నెల్లూరులో వున్నారు" అన్నాను. "లేడీస్ మాత్రమే అయితే రూము ఇవ్వమమ్మా" అని తాళాల పలక వైపు తిరిగిపోయాడు. ఆ పలక మీద సగం తాళాలు వేలాడుతూనే వున్నాయి. నాకు నోట మాట రాలేదు. బయటికి వచ్చాక మా అత్తగారు మెట్టు మీద కూలబడి, "ఏమ్మే, మనింటికి ఎవరైనా వస్తే, మావాడు ఇంట్లో వుంటేనే లోపలికి రమ్మంటున్నావా నువ్వు?" అన్నది.

ఆ ప్రశ్నకు సమాధానం తరువాత చెప్పుకుందాం. ముందు, అసలు ఆ పట్నానికీ మనకూ వున్న చుట్టరికం ఏమిటో చూద్దాం. ఎందుకంటే ఆ గుమ్మంలో మనం పరాయివాళ్ళం కాదు.

మన తీరాన సముద్రానికేమీ తక్కువ లేదు. కార్తీకంలో స్నానానికి మైపాడు వెళ్తాం. కృష్ణపట్నంలో పెద్ద ఓడరేవు వుంది. కాని సముద్రపు ఒడ్డున నాలుగు వీధులు తిరిగి చూడదగ్గ పాత పట్నం మాత్రం మనకు లేదు. ఎందుకు లేదు? ఒకప్పుడు వుండబోయింది. అదే లేచి దక్షిణానికి వెళ్ళిపోయింది!

వాకాడు పక్కన దుగరాజపట్నం అని వూరు వుంది కదా. 1620లలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు అక్కడ ఒక గిడ్డంగి కట్టుకుని చుట్టూ కోటలాగా గోడ పెట్టుకున్నారు. వాళ్ళ కాగితాల్లో ఆ వూరి పేరు ఆర్మగాన్. వాళ్ళకు సాయపడ్డ ఆర్ముగం మొదలియారు అనే ఆయన పేరు మీద అలా పిలిచారని చెబుతారు. కంపెనీవాళ్ళు వచ్చింది బట్టల కోసం. మన నేతగాళ్ళు నేసిన బట్ట, అద్దకంవాళ్ళు అద్దిన బట్ట వాళ్ళ దేశంలోనూ, తూర్పు దీవుల్లోనూ బంగారంలా అమ్ముడుపోయేది. కాని దుగరాజపట్నంలో వాళ్ళకు కావలసినంత మంచి సరుకు దొరకలేదు. పైగా కాస్త దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్ళు 1613 నుంచే కోట కట్టుకుని కూర్చున్నారు. పక్కింటి పోరు!

అప్పుడు దుగరాజపట్నం గిడ్డంగికి పెద్దగా వున్న ఫ్రాన్సిస్ డే అనే దొర ఇంకా దక్షిణంగా వెళ్ళి, బట్ట చవకగా దొరికే చోటు వెదికాడు. మద్రాసపట్నం అనే చిన్న పల్లె దగ్గర ఇసుక దిబ్బ ఒకటి నచ్చింది. ఆ నేల ఎవరి చేతిలో వుంది? దామెర్ల వెంకటాద్రి నాయకుడి చేతిలో. కాళహస్తి సంస్థానాధీశుల ఇంటిపేరే అది, మన తెలుగు దొరలే. 1639లో ఆయన అనుమతి ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీద కొత్త వూరికి చెన్నపట్నం అని పేరు వచ్చింది. 1640 ఫిబ్రవరిలో కంపెనీవాళ్ళు వచ్చి అక్కడ కోట పని మొదలుపెట్టారు. దుగరాజపట్నం మళ్ళీ పల్లె అయిపోయింది. మద్రాసపట్నం మహానగరమైంది.

చూశారా! ఒక కాపురం ఇల్లు మారినట్టు, మన తీరం నుంచి సామాను ఎత్తి అక్కడ దించారన్నమాట. దొరలకు మాట సాయం చేసిన ద్విభాషి బేరి తిమ్మన్న కూడా తెలుగువాడే. ఆ వీధుల పేర్లు చదివితే మన ఇంటి పెళ్ళి శుభలేఖ చదివినట్టు వుంటుంది. తూర్పు సగం ముత్యాలపేట. పడమటి సగం పెద్దనాయకుని పేట. ఆ పెద్దనాయకుడు వూరి కావలి పెద్ద. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకుని వీధి. నాణేలు పోసిన చోటు టంకశాల వీధి. దాన్నే ఇంగ్లీషులో మింట్ స్ట్రీట్ అంటారు. ఈ పేటలన్నిటినీ కలిపి దొరలు బ్లాక్ టౌన్ అన్నారు, అంటే నల్లవాళ్ళ వూరని. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఐదవ జార్జి పేరు పెట్టి జార్జి టౌను చేశారు.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మీరు అక్కడికి వెళ్ళి నన్ను తిట్టుకుంటారు. సముద్రపు ఒడ్డున బస అన్నాను కదా అని కిటికీ తెరిస్తే అలలు కనిపిస్తాయనుకోకండి. జార్జి టౌనుకు సముద్రం పక్కనే వుంది కాని కనిపించదు. ఒకప్పుడు ఇప్పటి రాజాజీ సాలై దగ్గరే అలలు కొట్టుకునేవి. ఆ రోడ్డు పాత పేరు ఫస్ట్ లైన్ బీచ్, దాని వెనక వీధి సెకండ్ లైన్ బీచ్. రైల్వే స్టేషన్ పేరు కూడా బీచ్ స్టేషనే. పేరులో ఇసుక వుంది, కాలికి ఇసుక అంటదు!

ఎందుకలా జరిగిందంటే, చెన్నపట్నానికి మొదట రేవే లేదు. ఓడలు దూరంగా సముద్రంలో నిలబడేవి. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్నీ, మూటల్నీ అలల మీదుగా ఒడ్డుకు తెచ్చేవాళ్ళు. 1870లలో రేవు గోడలు కట్టడం మొదలుపెట్టారు. 1881 తుఫాను కట్టినదాన్ని దెబ్బతీసింది. మళ్ళీ కట్టారు. మన తూర్పు తీరాన ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు గోడ అడ్డం వచ్చేసరికి ఆ ఇసుక దక్షిణం వైపు పేరుకుంది. మెరీనా బీచి అంత వెడల్పుగా వుండడానికి ఇదొక పెద్ద కారణం. పాత పట్నం ముందు సముద్రం స్థానంలో ఓడరేవు వచ్చి కూర్చుంది. కనుక రాత్రిపూట వినిపిస్తే ఓడ కూత వినిపిస్తుంది. అలలు చూడాలంటే సాయంత్రం మెరీనాకు వెళ్ళాలి.

మరి పగలు వెళ్ళి చూసి రాకూడదా, రాత్రి వుండడమెందుకు అంటారేమో. పగలు ఆ వీధుల్లో వూరు కనిపించదు. తోపుడు బండ్లు, స్కూటర్లు, నెత్తిన మూటలు మాత్రమే కనిపిస్తాయి. అది టోకు బజారు కదా. గోడౌన్ వీధిలో బట్టలు, ఆండర్సన్ వీధిలో కాగితాలు, శుభలేఖలు. తొమ్మిది పది గంటలకు తెరిచిన బజారు రాత్రికి మూసుకుంటుంది. తెల్లవారుజామున, బజారు తెరవకముందు, రెండు మూడు గంటలపాటు ఆ వూరు తన ముఖం చూపిస్తుంది. గుడి గంటలు, పాలవాడు, ముగ్గు వేసే ఆడవాళ్ళు, పాత ఇళ్ళ అరుగులు, చెక్క స్తంభాలు. ఆ మూడు గంటల కోసమే బస. ఆదివారం కలిసేలా వెళితే మరీ మంచిది. ఆవేళ టోకు దుకాణాలు చాలావరకు మూసివుంటాయి, నడవడానికి వీధి ఖాళీగా దొరుకుతుంది.

వెళ్ళే దారి సులువే. నెల్లూరు నుంచి సెంట్రల్ స్టేషనుకు రైల్లో సుమారు 175 కిలోమీటర్లు. సెంట్రల్ దగ్గర మెట్రో రైలెక్కితే తరువాతి స్టేషనే హైకోర్టు, ఆ తరువాతది మన్నాడి. ఈ రెండూ జార్జి టౌను మధ్యలో దింపుతాయి. ఆటో బేరాల బెడద లేదు. కాలం మాటకొస్తే జనవరి, ఫిబ్రవరి మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకెలాగో వాళ్ళకూ అలాగే వానలు, తుఫానులు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళక తప్పకపోతే మధ్యాహ్నం గదిలో వుండి, సముద్రపు గాలి తిరిగాక బయటికి రండి.

మొదటి రోజు సాయంత్రం చిన్న చుట్టు చాలు. హైకోర్టు ఎర్ర భవనం 1892 నాటిది. దాని గోపురం మీదే 1977 దాకా ఓడలకు దీపం వెలిగేది. ఆవరణలో 1844 నాటి పాత దీపస్తంభం విడిగా వుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 సెప్టెంబరు 22 రాత్రి, ఎమ్డెన్ అనే జర్మనీ ఓడ పట్నం మీద గుండ్లు కురిపించింది. వూళ్ళో జనం మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. గుండు పడిన చోట హైకోర్టు గోడకు ఒక ఫలకం పెట్టారు. ఇక్కణ్ణుంచి పారీస్ కార్నరు రెండడుగులు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ రాకకు నిరసనగా జనం కూడినప్పుడు, తుపాకుల ముందు టంగుటూరి ప్రకాశం పంతులుగారు రొమ్ము చూపి నిలబడ్డది ఈ ప్రాంతంలోనే. పక్కనున్న బ్రాడ్వే ఇప్పుడు ఆయన పేరుతో ప్రకాశం సాలై. ఆయన పుట్టినప్పుడు ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోనే వుండేదని మరచిపోకండి.

అటు తంబుచెట్టి వీధిలోకి తిరిగితే కాళికాంబ గుడి. 1677లో శివాజీ మహారాజు ఈ తల్లిని దర్శించుకున్నాడని చెబుతారు. ఇదే వీధిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక కార్యాలయం వుండేది. బొంబాయిలో 1908లో వారపత్రికగా మొదలై, 1914లో ఇక్కడికి వచ్చి దినపత్రిక అయింది. మన నాయనమ్మలు వంటింట్లో కూర్చుని కూడబలుక్కుని చదివిన తెలుగు అక్షరాలు ఈ వీధిలో అచ్చయి రైలెక్కి మన వూళ్ళకు వచ్చేవి. ఇప్పుడు ఆ పత్రిక లేదు. వీధి వుంది.

రెండో రోజు తెల్లవారగానే లేవండి. పూల బజారు దాటి కందకోట్టంలో సుబ్రహ్మణ్యస్వామి దర్శనం. ఆ తరువాత చెన్నకేశవస్వామి, చెన్నమల్లీశ్వరస్వామి గుళ్ళు, పక్కపక్కనే రెండూ. మొదట ఈ గుడి ఇప్పటి హైకోర్టు వున్న వైపు వుండేది. 1746లో ఫ్రెంచివాళ్ళు కోట పట్టుకున్నారు. 1749లో కోట తిరిగి వచ్చాక, కోటకు ఎదురుగా ఇళ్ళూ గుళ్ళూ వుంటే శత్రువులకు చాటు దొరుకుతుందని ఇంగ్లీషువాళ్ళు పాత పేటను తీయించారు. గుడి కూడా పోయింది. తరువాత 1760లలో ఇప్పుడున్న చోట మళ్ళీ కట్టారు. దేవుడికి కూడా ఇల్లు మారక తప్పలేదు!

టంకశాల వీధి వైపు నడిస్తే కొత్వాల్ చావడి. 1996లో కూరగాయల అంగడి కోయంబేడుకు వెళ్ళేదాకా పట్నమంతటికీ కూరలు ఇక్కణ్ణుంచే. ఈ చావడి ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి దేవస్థానానిది. దగ్గర్లోనే అణ్ణాపిళ్ళై వీధి. 1901లో పొట్టి శ్రీరాములుగారు పుట్టింది ఆ వీధిలోనే. పూర్వీకులది అప్పటి నెల్లూరు జిల్లా. 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచిందీ ఈ నగరంలోనే. ఇప్పుడు మన జిల్లా పేరులో ఆయన పేరు కలిసివుంది. పిల్లలను వెంట తీసుకువెళితే ఆ వీధి మొదట్లో రెండు నిమిషాలు నిలబెట్టి ఈ మాట చెప్పండి. పాఠంలో చదివినదానికంటే గట్టిగా గుర్తుంటుంది.

ఫలహారానికి మీకే ఇబ్బందీ లేదు. సౌకార్‌పేటలో మార్వాడీవాళ్ళ పుల్కాలు, జిలేబీలు, బాదం పాలు. బీచ్ స్టేషను దగ్గర బర్మా బజారులో అత్తో అనే సేమ్యాలాంటి వంటకం. 1960లలో బర్మా నుంచి తిరిగి వచ్చినవాళ్ళు తెచ్చిన రుచి. మన తెలుగువాళ్ళు ఎందరో రంగూనులో బతికి అప్పుడు కట్టుబట్టలతో తిరిగివచ్చారు కదా. శాకాహారులైతే గుడ్డు, మాంసం లేనిదేనా అని అడిగి తినండి. పగలు ఎండవేళ పడుకుని, సాయంత్రం మెరీనా. అక్కడ కాళ్ళు తడుపుకోండి చాలు. లోపలికి దిగవద్దు, పిల్లలను దింపవద్దు. ఆ అల లాగుడు మన మైపాడు అలకంటే మంచిదేమీ కాదు. మూడో రోజు ఉదయం సెయింట్ జార్జి కోటలో 1680 నాటి చర్చి, మ్యూజియం చూసుకుని రైలెక్కవచ్చు.

ఇక గది సంగతి. మా అత్తగారి ప్రశ్న దగ్గరికి వద్దాం.

మగతోడు లేని ఆడవాళ్ళకు గది ఇవ్వకూడదనే చట్టం మన దేశంలో లేదు. పైగా మన రాజ్యాంగం 15వ అధికరణలోనే, కేవలం ఆడ అనో మగ అనో, మతం, కులం, పుట్టిన చోటు కారణంగానో దుకాణాల్లోకి, హోటళ్ళలోకి ఎవరికీ ప్రవేశం కాదనకూడదని రాసి వుంది. హోటలు అనే మాట పేరు పెట్టి మరీ వుంది. 1950 జనవరి 26 నుంచి అమలులో వున్న మాట అది. ఆ సాయంత్రం నాకు ఇది తెలిసి వుంటే, కనీసం "ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసి ఇవ్వండి" అని అడిగేదాన్ని. రాసి ఇవ్వమంటే చాలామంది మెత్తబడతారు. పక్క వీధిలో ఇంకో లాడ్జిలో పెద్దాయన ఒక్క ప్రశ్నా వేయకుండా మా కార్డులు చూసి, మొదటి అంతస్తులో గది ఇచ్చి, మా అత్తగారికి మంచినీళ్ళు పంపించాడు. అన్ని గుమ్మాలూ ఒకటి కావు.

అయినా చీకటి పడ్డాక గుమ్మం గుమ్మం తిరగకూడదు. ఇంటి నుంచే ఫోను చేసి అడగండి. "మేము ఇద్దరు ఆడవాళ్ళం వస్తున్నాం, గది ఇస్తారా?" అని మొదటి ప్రశ్నగా అడగండి. జార్జి టౌనులో లాడ్జీలు చాలావరకు సరుకు కొనడానికి వచ్చే వర్తకుల కోసం పెట్టినవి. కొన్నిటిలో కుటుంబాలకు విడి అంతస్తు వుంటుంది. అది వుందేమో అడగండి. లిఫ్టు వుందా, రాత్రిపూట బల్ల దగ్గర మనిషి వుంటాడా, ఇవీ అడగండి.

తరువాత గడియారం సంగతి. కొన్ని చోట్ల ఇరవై నాలుగు గంటల లెక్క. ఉదయం ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటి దాకా ఒక రోజు. కొన్ని చోట్ల మధ్యాహ్నం లెక్క. ఎప్పుడు దిగినా మర్నాడు మధ్యాహ్నానికి ఖాళీ చేయాలి. తెల్లవారుజాము రైలుకు వెళ్ళేవాళ్ళు ఈ తేడా తెలుసుకోకపోతే ఒక రోజు అద్దె ఎక్కువ పడుతుంది.

గుర్తింపు కార్డు పెద్దవాళ్ళందరికీ కావాలి. ఆధార్ కాపీ ఇచ్చేటప్పుడు చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే కాపీ ఇవ్వవచ్చు. అసలు కార్డును బల్ల దగ్గర వదలివేయనక్కరలేదు.

డబ్బు కట్టేముందు గది చూడండి. కూరగాయలు ఏరినట్టు ఏరండి, మొహమాటం వద్దు. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది కనుక తలుపు గడియ లోపలనుంచి గట్టిగా పడుతోందో లేదో వేసి చూడండి. దుప్పటి ముట్టుకుని చూడండి, చెమ్మ వుంటే మార్చమనండి. సముద్రానికి దగ్గరి పాత వూళ్ళలో బోరునీళ్ళు తరచు ఉప్పగా వుంటాయి. తలస్నానం వాయిదా వేసుకోండి, తాగడానికి నీళ్ళు వేరే కొనుక్కోండి. అద్దం వెనక, గోడ రంధ్రాల్లో అనుమానంగా ఏదైనా వుంటే గది మార్చమనండి. అన్నిటికంటే ముఖ్యం మెట్లు. సన్నని వీధులు, ఆనుకుని ఆనుకుని వున్న కట్టడాలు. నిప్పు అంటుకుంటే దిగడానికి రెండో దారి ఎక్కడో వెళ్ళిన వెంటనే చూసుకోండి. మూడో అంతస్తు దాటి తీసుకోకపోవడం మేలు. రాత్రి తాళంచెవి, టార్చి తలగడ పక్కనే వుండాలి. బకెట్లో పెట్టే హీటరు కడ్డీ ఇంటి నుంచి తీసుకువెళ్ళకండి.

బిల్లు కూడా చదివి కట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె వున్న గదుల మీద జి.ఎస్.టి. 5 శాతమే. అంతకుముందు 12 వుండేది. పాత లెక్క వేస్తే అడగండి. భోజనం బిల్లులో సర్వీసు ఛార్జి దానంతటదే కలిపివేయకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఇవ్వడం మీ ఇష్టం. తగవు వస్తే వినియోగదారుల ఫోను 1915. భయం వేస్తే 112, ఆడవాళ్ళ సాయానికి 181. ఈ మూడూ ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఫోనులో ఛార్జి అయిపోయిన రాత్రే అవసరం వస్తుంది.

చివరిగా ఒక్క మాట. గదిలో దిగగానే మనలో చాలామంది ఏం చేస్తాం? మంచం దులుపుతాం, బాత్‌రూము కడుగుతాం, చీరలు ఉతికి కిటికీకి ఆరేస్తాం. ఇంటి దగ్గరి పని మూటగట్టుకుని వెళ్ళి అక్కడ విప్పుతాం! ఆ రెండు రోజులూ దయచేసి ఆ పని చేయకండి. ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళకు కాళ్ళకు నీళ్ళు, చేతికి కాఫీ ఇచ్చినవాళ్ళం మనం. అతిథికి ఏం కావాలో మనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అందుకే అది దొరకనప్పుడు అడిగే హక్కు కూడా మనకే ఎక్కువ. దుప్పటి మార్చమని అడగండి. మంచినీళ్ళు అడగండి. గది సర్దినవాళ్ళకు వెళ్ళేటప్పుడు పది రూపాయలో ఇరవై రూపాయలో చేతిలో పెట్టి, బాగా సర్దావమ్మా అని చెప్పండి. ఆ మాట విలువ కూడా మనకే తెలుసు.

మా అత్తగారు మర్నాడు కంటి పరీక్ష అయ్యాక, కంట్లో మందు వేసుకుని, నా చెయ్యి పట్టుకుని కాళికాంబ గుడికి నడిచింది. కళ్ళు మసక. "ఏమీ కనపడలేదు గాని వూరు బాగుందమ్మే, మళ్ళీ వద్దాం" అన్నది. మళ్ళీ వెళ్ళాం. ఆ రెండో లాడ్జికే. మొదటిదాని ముందునుంచి నడిచి వెళుతూ ఆమె తలెత్తి ఆ బోర్డు వైపు ఒకసారి చూసింది, నేనూ చూశాను.

మీరు వెళ్ళినప్పుడు గది లేదంటే పక్క గుమ్మానికి వెళ్ళండి. కాని ఎందుకు లేదో అడిగి మరీ వెళ్ళండి.

సెలవు.